నీళ్ళ బిళ్ళ మానేసిన రోజు

నాలుగేళ్ళపాటు నా ఉద్యోగం ముసలాళ్ళని వెనక్కి పంపడం. వినడానికి బాగోదు గానీ పని అదే. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మందుల ట్రయల్స్‌కి కోఆర్డినేటర్‌గా చేశాను. ఓపీ బెంచీల మీద కూచున్నవాళ్ళ ఫైళ్ళు తీసి, కాగితం మీదున్న షరతులతో సరిచూసి, ఎవరు పనికొస్తారో డాక్టరుగారికి చెప్పాలి. వయసు 75 దాటితే వద్దు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువుంటే వద్దు. ఎప్పుడన్నా పక్షవాతం వచ్చుంటే వద్దు. ఫలానా ఫలానా మందులు వాడుతుంటే వద్దు. మతిమరుపుంటే వద్దు, నెలనెలా ఆసుపత్రికి రాలేకపోతే అసలే వద్దు. ఇరవై ఫైళ్ళు తిరగేస్తే ఇద్దరో ముగ్గురో మిగిలేవాళ్ళు. ఆ మిగిలినవాళ్ళని చూస్తే వీళ్ళు ఆసుపత్రికెందుకొచ్చారా అనిపించేది, అంత నిక్షేపంలా ఉండేవాళ్ళు.

మా అత్తయ్యకి అప్పుడు 78. బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్ళు, ఒకసారి మూతి వంకరపోయి నాలుగు రోజుల్లో సర్దుకున్న చిన్న స్ట్రోక్. మా దగ్గర బీపీ మందు ట్రయల్ ఒకటి మొదలైందని విని, టెస్టులన్నీ ఉచితమట కదా, నన్నూ పెట్టించవే అంది. షరతులు చదివి వినిపించాను. అంతా విని, "అయితే ఏ రోగమూ లేనివాళ్ళకి మందు పెట్టి చూస్తారన్నమాట. ఉన్నవాళ్ళకి చూడకుండానే పెడతారా?" అంది. నవ్వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. జవాబు లేక.

ఆ షరతులు రాసినవాళ్ళు దుర్మార్గులేం కాదు. ఐదు జబ్బులున్న మనిషికి కొత్త మందు ఇచ్చాక కళ్ళు తిరిగితే అది ఈ మందు వల్లో, పాత మందుల వల్లో, వయసు వల్లో తేల్చడం కష్టం. లెక్క శుభ్రంగా రావాలంటే మనిషి శుభ్రంగా ఉండాలి. పేరున్న జర్నల్స్‌లో 1994 నుంచి 2006 దాకా వచ్చిన 283 ట్రయల్స్‌ని కెనడా పరిశోధకులు 2007లో కూర్చుని లెక్కేశారు. నూటికి 81 చోట్ల మామూలుగా ఉండే జబ్బుల పేరు చెప్పి మనుషుల్ని పక్కన పెట్టారు. నూటికి 38 చోట్ల ముసలివాళ్ళని వయసు పేరుతోనే ఆపేశారు. బీపీ పై అంకెని 120 లోపుకి దించితే మంచిదని 2015లో చెప్పిన స్ప్రింట్ ట్రయల్ చాలా పెద్దది, 9361 మంది. అందులో షుగర్ ఉన్నవాళ్ళు లేరు, స్ట్రోక్ వచ్చినవాళ్ళు లేరు, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్ళు లేరు. అంటే మా అత్తయ్య లేదు, మా వీధిలో ఆవిడ స్నేహితురాళ్ళలో సగం మంది లేరు. ఎనభై దాటినవాళ్ళకి బీపీ మందులు ఇవ్వచ్చా కూడదా అని డాక్టర్లు తటపటాయిస్తున్న రోజుల్లో వాళ్ళనే తీసుకుని చేసిన హైవెట్ అనే ట్రయల్ 2008లో బయటికొచ్చింది. 3845 మంది. మందు వేసుకున్నవాళ్ళలో చావులు తగ్గాయి. అది చదివి చాలా సంతోషించాను. ఆ తర్వాత దాని షరతులూ చదివాను: మతిమరుపు జబ్బున్నవాళ్ళు వద్దు, ఒకరు చూసుకోవలసిన స్థితిలో ఉన్నవాళ్ళు వద్దు. ఎనభైల్లో కూడా నిక్షేపంలా ఉన్నవాళ్ళే కావలసి వచ్చారు.

ఇదంతా రెండేళ్ళ కిందటి దాకా. ఇప్పుడు చేసే పని తలకిందులు. 70 దాటి, కనీసం మూడు దీర్ఘకాలిక జబ్బులుంటేనే మా స్టడీలోకి తీసుకుంటాం. మందేమీ ఇవ్వం. ఇంటికే వెళ్ళి ఏమేం మందులు వాడుతున్నారు, ఎన్నిసార్లు పడ్డారు, ఒంట్లో సత్తువ ఎలా ఉంది అని ఏడాదికి మూడుసార్లు చూసి రాసుకుంటాం. తెనాలి నుంచి దుగ్గిరాల వైపు ఊళ్ళు. నేనూ, రక్తం తీసే కుర్రాడూ, ఒక ఆటో. వాళ్ళందరినీ ఇన్నాళ్ళూ వెనక్కి పంపిన మనిషిని కాబట్టి, రమ్మంటే ఎగిరి గంతేసి వస్తారనుకున్నాను.

మొట్టమొదట నేర్చుకున్నది ఒకటో తారీఖున ఊళ్ళోకి వెళ్ళకూడదని. ఆ రోజు పొద్దున్నే సచివాలయం వాళ్ళు పింఛను తెస్తారు. నాలుగు వేలు చేతిలో పడేదాకా ఏ ముసలామే గుమ్మం కదలదు, మనం ఫైలు పట్టుకుని కనిపిస్తే పింఛను వెరిఫికేషన్ అనుకుంటుంది. అలా అనుకుంటే ఇంక జవాబులన్నీ దానికి తగ్గట్టే వస్తాయి. ఒకాయన కంటికి ఏమీ కనపడదని చెప్పి, మేం వెళ్ళొస్తామని లేచేసరికి, "ఆ పెన్ను మీదేనమ్మా, అరుగు కింద పడింది" అన్నాడు.

తర్వాత కన్సెంట్ ఫారం, అంటే ఇష్టపడే చేరుతున్నామని సంతకం పెట్టే కాగితం. ఆరు పేజీలు. తెలుగే. అందులో "పరిశోధన" అన్న మాట పదిహేడు చోట్ల ఉంది, ఎందుకు లెక్కపెట్టానంటే ఆ మాట వినపడ్డప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహం మారేది. "నా మీద పరిశోధనా? ఎలకనా నేను?" అందొకావిడ. చదువు రానివాళ్ళయితే వేలిముద్ర, పక్కన మాతో సంబంధం లేని సాక్షి ఒకరు సంతకం పెట్టాలి. పద్ధతి మంచిదే. కానీ పల్లెటూళ్ళో సాక్షి అంటే ఆస్తి రాయించుకుంటున్నారని అర్థం. ఒక ఇంట్లో కోడలు మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి, హైదరాబాదులో ఉన్న మరిదికి ఫోన్ చేసి, ఆయన వచ్చి చూసేదాకా కుదరదంది. ఆవిడ తప్పేం లేదు. నేనైనా అంతే చేద్దును.

పిల్లలు అమెరికాలో ఉంటే ఇంకో తంతు. వాట్సాప్ వీడియోలో అబ్బాయి, "అమ్మని ఇబ్బంది పెట్టకండి మేడమ్, షి ఈజ్ వెరీ వీక్" అంటాడు. ఫోన్ పక్కన పెట్టాక తల్లి, "వాడికి అర్ధరాత్రయింది, నిద్రమత్తులో ఏదో అన్నాడు. నువ్వడుగమ్మాయ్, నేను చెప్తా" అంటుంది. సంతకం ఎవరు పెట్టినా సరే, మనిషిని అడక్కుండా మొదలుపెట్టకూడదని నేను పెట్టుకున్న నియమం. మాట అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళ దగ్గర కూడా. మొహం అటు తిప్పుకుంటే వద్దనే.

ఇక మాటల సంగతి. బలహీనపడిన ముసలితనాన్ని కొలవడానికి 2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికా డాక్టరు బృందం ఒక పద్ధతి తయారుచేసింది. ఐదు సంగతులు చూస్తారు: తెలియకుండా బరువు తగ్గడం, అలసట, చేతిపట్టు తగ్గడం, నడక నెమ్మదించడం, పనిపాటలు తగ్గడం. మూడుంటే ఫ్రెయిల్ అని లెక్క. మా ఫారంలో దాన్ని "దుర్బలత్వం" అని రాశారు. ఆ మాట నేను జీవితంలో ఎవరి నోటా వినలేదు. "గత వారంలో మీకు ఎన్ని రోజులు అలసటగా అనిపించింది?" అని అడిగితే అందరూ లేదనేవాళ్ళు. మంచం దిగలేని మనిషి కూడా లేదనే. ఎందుకంటే అలసట పని చేసినవాళ్ళకి వస్తుంది. "నేనేం పని చేస్తున్నాననే అలసిపోడానికి?" అని ఎదురడిగిందొకావిడ. ఒకరోజు విసుగొచ్చి ఫారం మూసి, "మామ్మగారూ, ఓపిక ఉంటోందా?" అన్నాను. "ఓపికా! అది ఎప్పుడో పోయిందమ్మాయ్" అని మొదలుపెట్టి, బావి గట్టు దాకా వెళ్ళి రావడానికి రెండుసార్లు కూచోవలసి రావడం, నెత్తిన నీళ్ళు పోసుకోడానికి చెయ్యి లేవకపోవడం, అన్నం కలుపుకునేసరికే ఆకలి చచ్చిపోవడం, అన్నీ చెప్పింది. ఒంట్లో బలానికీ మనసులో సహనానికీ మనకి ఒకటే మాట. రెండూ కలిపే పోతాయని ఆ మాట పుట్టించినవాళ్ళకి తెలుసో ఏమో.

"గత ఆర్నెల్లలో పడ్డారా?" అన్న ప్రశ్న కూడా అంతే. పడ్డానంటే కొడుకు వీధిలోకి పోనివ్వడు, కోడలు పెరట్లోకి పోనివ్వదు. అందుకని ఎవరూ పడరు. "పడలేదమ్మాయ్, కూలబడ్డా." "పడలేదు, మెట్టు మీద కాలు జారి కూచున్నా." "పడలా, గోడ పట్టుకునే దిగజారా." ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం అనుకోకుండా నేల మీదకో, ఉన్నచోటికన్నా కిందకో చేరితే పడినట్టే. మొదటి రౌండులో నా ఊళ్ళలో పడినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. "కూలబడ్డారా, కాలు జారిందా" అని కూడా అడగడం మొదలెట్టాక సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఇంతమంది ఎలా పడుతున్నారు, లెక్క తప్పు రాస్తున్నావేమో చూసుకో అన్నాడు.

మతి పరీక్షలో ఇవాళ తారీఖు ఎంత అని అడగాలి. ఒక మామ్మ తడుముకోకుండా, "కార్తీక శుద్ధ ఏకాదశి" అంది. ఫారంలో అంకె వెయ్యడానికి రెండు గడులున్నాయి. గోడ మీద వెంకట్రామా క్యాలెండర్ చూస్తే ఆవిడ చెప్పింది రైటు. తారీఖు చెప్పమంటే నాకే ఒక క్షణం పట్టింది. ఫారం ప్రకారం ఆవిడకి సున్నా వెయ్యాలి. ఒకటి వేసి పక్కన మార్జిన్లో రాశాను, పైన ఎవరన్నా అడిగితే చూద్దాంలే అని. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు.

మొదటి రౌండులో రక్తం పరగడుపున తియ్యాలని ఉండేది. ఒక తాతగారికి ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, "రేపు పొద్దున మేమొచ్చేదాకా ఏమీ తినకండి తాతగారూ, మంచినీళ్ళు తాగొచ్చు" అన్నాను. ఆయన రిటైర్డ్ పోస్టుమాస్టరు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఏమీ తినలేదు. కానీ షుగర్ బిళ్ళ వేసుకోవద్దని నేను చెప్పలేదు. రోజూ ఆరున్నరకి వేసుకునే గ్లిమెపిరైడ్ ఆ రోజూ ఆరున్నరకే వేసుకున్నాడు. ఏడింటికి వస్తామన్నవాళ్ళం, ముందు ఇంట్లో ఆలస్యమై తొమ్మిదిన్నరకి చేరాం. వెళ్ళేసరికి వరండాలో కుర్చీలో ఉన్నాడు, తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయి. "రండమ్మా" అనడానికి నోరు తిరగలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తడిగా ఉంది. వేలి మీద గుచ్చి చూస్తే షుగర్ 48, ప్రమాదమైనంత తక్కువ. కోడలు పరిగెత్తుకుంటూ పంచదార నీళ్ళు తెచ్చింది. గ్లాసు పట్టుకున్న నా చెయ్యి ఆయన చెయ్యికన్నా ఎక్కువ వణికింది. పావుగంటకి 90 దాటింది. మనిషి తేరుకుని మొట్టమొదట అన్న మాట, "రక్తం తీసుకోండి, మళ్ళీ మీకు ఆలస్యమవుతుంది."

కోడలు ఆ రోజు నన్నన్న మాటలు ఇక్కడ రాయను. అన్నీ నిజమే.

రిపోర్టు రాసి, స్టడీలో ఉన్నవాళ్ళకి హాని జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీకి పంపాం. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నకి అందరం నీళ్ళు నమిలాం: అసలు పరగడుపున ఎందుకు? మాకు ముఖ్యంగా కావలసింది మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, దానికి ఏం తిన్నా పర్వాలేదు. ఆ ఒక్క లైను నడివయసువాళ్ళ మీద చేసిన వేరే స్టడీ ఫారంలోంచి యథాతథంగా వచ్చి కూచుంది. నలభై ఏళ్ళవాడు ఒకపూట తినకపోతే తలనొప్పి వస్తుంది, అంతే. ఆ లైను తీసేశారు. ఇప్పుడు టిఫిన్లయ్యాక పదింటికి వెళ్తాం, ఒంటిగంట లోపు బయటపడతాం, ఎందుకంటే భోజనం తర్వాత అందరూ నడుం వాలుస్తారు. ముప్పావుగంట కూచోబెట్టి ఆపేస్తాం, మిగతాది ఇంకో రోజు. డబ్బులెక్కువవుతాయని పైనుంచి సణుగుళ్ళున్నాయి. ఉండనీ.

సత్తువ కొలిచే పరీక్షలు రెండు. నాలుగు మీటర్లు మామూలుగా నడవాలి, ఐదు సెకన్లు దాటితే నడక తగ్గినట్టు. ఈ ఇళ్ళల్లో నాలుగు మీటర్ల తిన్నటి చోటు ఉండదు. మంచాలు, బియ్యం డ్రమ్ములు, గుమ్మాలు. అందుకని ఇంటిముందు సిమెంటు రోడ్డు మీద టేపు వేసి నడిపిస్తాం, వీధంతా చేరి చూస్తారు, "నడు పెద్దమ్మా, ఫస్టు ప్రైజు నీదే" అని కేకలు. అలా కేకలు వేస్తే మామూలు నడక ఎక్కడొస్తుంది, అందరూ జోరుగా నడుస్తారు.

రెండోది చేతిపట్టు. డైనమోమీటరు, అంటే చేత్తో గట్టిగా నొక్కితే ఎన్ని కేజీల బలమో చూపించే పరికరం. ఆసియా దేశాలవాళ్ళ కోసం 2019లో పెట్టిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి 18 కేజీల లోపు, మగవాళ్ళకి 28 లోపు వస్తే తగ్గినట్టు. నేను ఎక్కువసార్లు వెళ్ళిన ఇల్లు నిమ్మతోట పక్కనుండే మామ్మది. 81 ఏళ్ళు. వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి పక్కకి తిరిగిపోయాయి. పరికరం చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, "ఇది పిండితే ఏమొస్తుంది?" అంది. నంబరు వస్తుందన్నాను. కళ్ళు మూసుకుని, కింది పెదవి పంటి కింద పెట్టి నొక్కింది. ముల్లు కదిలి 9 దగ్గర ఆగింది. రెండోసారి 11. "నాలుగు గేదెల పాలు పితికేదాన్ని, ఒక్కదాన్నే" అంది పరికరం వెనక్కిస్తూ. రెండు చేతులూ మూడేసి సార్లు చెయ్యాలి. ఎడం చెయ్యి వదిలేశాను. నొప్పి అని రాశాను.

ఆవిడ మందులు ఒక బట్టల కొట్టు క్యారీబ్యాగులో ఉంటాయి. మంచం మీద గుమ్మరించి లెక్కపెట్టాం. పద్నాలుగు రకాల అట్టలు. అందులో మూడు, పేర్లు వేరైనా లోపలున్నది ఒకటే ఆమ్లోడిపిన్. ఒకటి తెనాలి డాక్టరు రాసింది, ఒకటి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చింది, మూడోది పాతది అయిపోయిందని షాపువాడు బదులిచ్చింది. అదృష్టంకొద్దీ మూడూ ఒకేసారి వేసుకోవడం లేదు, రంగు చూసి రోజుకొకటి వేసుకుంటోంది. బీపీకి వాడే ఆ మందు కొందరికి కాళ్ళవాపు తెస్తుంది. ఆవిడకీ వచ్చింది. వాపు చూసి ఎవరో నీళ్ళ బిళ్ళ రాశారు, ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోయేందుకు. నీళ్ళ బిళ్ళ వల్ల మాటిమాటికీ లేవాలి, లేచినప్పుడల్లా తూలు. తూలుకి ఇంకో బిళ్ళ. దీన్ని 1990ల్లోనే పౌలా రోషాన్, జెర్రీ గుర్విట్జ్ అనే డాక్టర్లు పేరు పెట్టి చెప్పారు, ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అని. బిళ్ళ తెచ్చిన జబ్బుకి ఇంకో బిళ్ళ. ఒక మందునీ ఒక జబ్బునీ విడదీసి చూసే ట్రయల్‌లో ఇది కనపడదు. క్యారీబ్యాగు గుమ్మరిస్తే కనపడుతుంది.

నాకు మందులు ఆపమని చెప్పే అధికారం లేదు. అట్టలన్నీ ఫోటో తీసి మా స్టడీ డాక్టరుకి పంపితే, ఆవిడ తెనాలి డాక్టరుకి ఉత్తరం రాశారు. ఆయన మంచాయన, ఆ వారమే రమ్మన్నాడు. అదలా ఉంచండి.

మూడు రౌండ్లలోనూ నిమ్మతోట మామ్మ బీపీ మేం వెళ్ళిన రోజు ఎక్కువే ఉంటోంది, బరువు కిలో కిలోన్నర ఎక్కువుంటోంది. మధ్యలో ఏఎన్ఎం చూసినప్పుడు ఇంత లేదు. కొత్తవాళ్ళని చూస్తే కంగారేమో అనుకున్నాం. కంగారుపడే మనిషి కాదు, మమ్మల్ని చూస్తే కాఫీ పెట్టమని మనవరాలిని అరిచే మనిషి. మూడోసారి పరికరాలు సర్దుకుంటుంటే నీళ్ళ బిళ్ళ అట్ట వైపు చూశాను. ఎనిమిది ఉండాల్సిన చోట పది ఉన్నాయి.

"మామ్మగారూ, ఇది ఇవాళ వేసుకోలేదా?"

"నువ్వొచ్చే రోజు వేసుకోనుగా."

"ఎందుకని?"

దొడ్డి చివర ఉన్న మరుగుదొడ్డి వైపు చూపించింది. మధ్యలో జామచెట్టు, పాకుడు పట్టిన బండలు, గేదెల కొట్టం. "అది వేసుకుంటే పది నిమిషాలకొకసారి అక్కడికి పోవాలి. నువ్వేమో కదలొద్దంటావు, చేతికి పట్టీ చుడతావు. ఆ కుర్రాడి ముందు మాటిమాటికీ లేస్తే బాగుంటుందా? ముందురోజు కూడా ఎందుకైనా మంచిదని మానేస్తాను."

ఆటోలో తిరిగొస్తుంటే లెక్కేసుకున్నాను. ఏడాదిగా ఆవిడ పేరు మీద నేను రాసిన బీపీలన్నీ, బరువులన్నీ, కాళ్ళవాపులన్నీ మందు మానేసిన రోజువి. ఆవిడ ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళి, మేం వెళ్తే ఎలా ఉంటుందో రాసుకొచ్చాం. ఇంకెంతమంది ఇలా చేస్తున్నారో.

నాలుగో రౌండుకి ముందు ఆవిడనీ, పోస్టుమాస్టరు తాతగారినీ, ఇంకో ఇద్దరినీ కూచోబెట్టి ఫారం మొత్తం చదివి వినిపించాం. రామాలయం అరుగు మీద, అరగంట చొప్పున నాలుగు సాయంత్రాలు, పకోడీలతో. ఇది ముందే చెయ్యాల్సింది. "దుర్బలత్వం" కొట్టేయించారు. "పరిశోధన" ఒక్కచోట ఉంచి మిగతా అన్నిచోట్లా "మీ సంగతులు తెలుసుకోవడం" అని రాయమన్నారు. తాతగారు కళ్ళజోడు సర్దుకుని, షుగర్ బిళ్ళ సంగతి పెద్ద అక్షరాలతో మొదటి పేజీలో వెయ్యమన్నాడు, నా వైపు చూడకుండానే. కొత్త ప్రశ్న ఒకటి చేరింది: "నిన్న, ఇవాళ రోజూ వేసుకునే బిళ్ళలన్నీ వేసుకున్నారా? మానేస్తే ఏది, ఎందుకు?"

పోయిన మంగళవారం కొత్త ఫారంతో మొదటి ఇంటికి వెళ్ళాను. పక్క ఊరు, మాకు కొత్తావిడ, 76, గుండె జబ్బు, షుగర్, కీళ్ళు. ఆ ప్రశ్న చదివాను. రెండు మానేశానంది. ఎందుకని అడిగాను.

చేతిలో చెంగు కొస మెలిపెడుతూ, "మీరొస్తారని" అంది. గడిలో అలాగే రాసి, ముందు బాత్రూముకి వెళ్ళి రండి, మాకు తొందరేం లేదన్నాను.